పాత అంబాసిడర్‌కి ఎల్‌ఈడీ లైట్లు: వెనక నుంచి మొదలుపెట్టండి

సాయంత్రం ఏడింటికి విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఆగారనుకోండి. కాలు బ్రేక్ మీద ఉంది, కుడి ఇండికేటర్ వేసి ఉంది, హెడ్‌లైట్లు డిమ్‌లో వెలుగుతున్నాయి. బ్యాటరీలోకి కరెంటు వస్తోందో పోతోందో చూపించే ఆమ్మీటర్ ముల్లు మైనస్‌లోకి వాలిపోయి, ఇండికేటర్ కొట్టుకున్నప్పుడల్లా దాంతోపాటే ఊగుతుంటుంది. బ్యాటరీని ఛార్జ్ చేసేందుకు డైనమో ఉన్న బండి నడిపినవాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. ఇంజన్ స్లోలో ఉంటే డైనమో ఇచ్చేది దాదాపు సున్నా, ఖర్చంతా బ్యాటరీదే. మా నాన్న 1977 అంబాసిడర్‌కి ఎల్‌ఈడీలు వేద్దామని నాకు అనిపించింది ఆ ముల్లుని చూసే. తళుకు కోసం కాదు.

ఎల్‌ఈడీ అనగానే అందరి చూపూ హెడ్‌లైట్ల మీదికే పోతుంది. నేను చెప్పేది దానికి తలకిందులు. వెనక లైట్లతో మొదలుపెట్టండి, తర్వాత ఇండికేటర్లు, ఆ తర్వాత లోపలివి. హెడ్‌లైట్లు ఆఖరున. వాటికి ఎల్‌ఈడీ అక్కర్లేదని అప్పటికి మీకే అనిపించవచ్చు. ఎందుకో చిన్న లెక్క వేసుకుందాం. బ్రేక్ బల్బులు రెండు, ఒక్కోటి 21 వాట్లు. ఒక వైపు ఇండికేటర్లు రెండు, అవీ 21 వాట్లే. పార్కింగ్ బల్బులు నాలుగు, ఐదేసి వాట్లు. నంబరు ప్లేటుకి ఇంకో ఐదు. మొత్తం 109 వాట్లు, అంటే 12 వోల్టుల మీద తొమ్మిది ఆంపియర్లు. ఇవన్నీ ఎల్‌ఈడీ చేస్తే ఒకటి, ఒకటిన్నర ఆంపియర్లతో సరిపోతుంది. అలా మిగిలిన ఏడెనిమిది ఆంపియర్లని ఏం చేయాలో హెడ్‌లైట్ల దగ్గర చెబుతాను.

బల్బులు కొనేముందు

ముందు బండిని తెలుసుకోండి. మూడే మూడు విషయాలు.

బ్యాటరీ 6 వోల్టులా, 12 వోల్టులా? అంబాసిడర్, పద్మిని వాళ్ళకి ఈ అనుమానం రాదు. పాత విల్లీస్ జీపులున్నవాళ్ళు మాత్రం చూసుకోవాలి. 12 వోల్టుల ఎల్‌ఈడీ 6 వోల్టుల మీద వెలగదు.

బ్యాటరీలో ఏ టెర్మినల్ బాడీకి వెళ్తోంది? ఇప్పటి బళ్ళన్నీ నెగటివ్ ఎర్త్, అంటే మైనస్ బాడీకి వెళ్తుంది. బ్రిటిష్ పద్ధతిలో వచ్చిన పాత బళ్ళలో పాజిటివ్ ఎర్త్ ఉండేది. మామూలు బల్బుకి ప్లస్సూ మైనస్సూ ఒకటే, ఎటు కరెంటు ఇచ్చినా వెలుగుతుంది. ఎల్‌ఈడీ అలా కాదు. షాపులో దొరికేవన్నీ బల్బు బాడీ మైనస్ అనుకుని చేసినవే. మీది పాజిటివ్ ఎర్త్ అయితే ఎటు పెట్టినా వెలిగే రకం కావాలని అడగండి. బండిని ఎవరైనా మధ్యలో నెగటివ్‌కి మార్చి ఉండొచ్చు కూడా. అందుకని పుస్తకం చూసి తేల్చుకోకండి, బానెట్ ఎత్తి బాడీకి వెళ్ళే తీగని కళ్ళతో చూడండి.

మూడోది బల్బు అడుగు. పాత బల్బులన్నీ విప్పి ఒక ప్లేటులో పెట్టుకోండి. అడుగున ఒకటే చుక్క ఉండి, పక్కన రెండు పిన్నులూ ఒకే ఎత్తులో ఉంటే అది 1156, ఇండికేటర్లకి వాడేది. రెండు చుక్కలుండి పిన్నులు ఎత్తుపల్లాలుగా ఉంటే 1157, బ్రేకూ పార్కింగూ ఒకే బల్బులో ఉండేది. డబ్బా మీద ఇదే బీఏవై15డీ అనీ, మొదటిది బీఏ15ఎస్ అనీ ఉంటుంది. 1157 హోల్డర్‌లో ఒకే తీరున కూర్చుంటుంది. బలవంతంగా తిప్పి దూర్చితే పార్కింగ్ వేసినప్పుడు బ్రేక్ లైటు వెలుగుతుంది, బ్రేక్ తొక్కినప్పుడు మినుకుమంటుంది. మీటర్ బోర్డులో వేలి గోరంత బల్బులు బీఏ9ఎస్. లోపలి రూఫ్ లైటులో రెండు కొసలా టోపీలున్న పొడుగు బల్బు ఉంటుంది, దాని పొడవు స్కేలు పెట్టి కొలవండి. 31, 36, 41 మిల్లీమీటర్లలో వస్తాయి.

ఇక కొనడం. ఆటోనగర్‌లో ఏ ఎలక్ట్రికల్ షాపుకి వెళ్ళినా ఎల్‌ఈడీలు కుప్పలుగా ఉంటాయి. తేడా అంతా ఎంచుకోవడంలోనే. నేను చూసేవి మూడు.

చిప్స్, అంటే వెలిగే గింజలు, ఎక్కడున్నాయి? పాత లైటులో అద్దం వెనక గిన్నెలాంటి రిఫ్లెక్టర్ ఉంటుంది. పాత బల్బు ఫిలమెంటు వెలుగు చుట్టూ పడి, ఆ గిన్నెకి తగిలి ముందుకు వస్తుంది. చిప్స్ తల మీద మాత్రమే ఉన్న ఎల్‌ఈడీ పెడితే గిన్నెకి ఏమీ తగలదు, మధ్యలో ఒక చుక్కే వెలుగుతుంది. మొక్కజొన్న కంకిలా చుట్టూతా చిప్స్ ఉన్నదే తీసుకోండి.

రంగు. ఎర్ర అద్దం వెనక ఎర్ర ఎల్‌ఈడీ, నారింజ అద్దం వెనక నారింజ. తెల్లది పెడితే అద్దమే రంగు ఇస్తుంది కదా అని షాపువాళ్ళు చెబుతారు, వినకండి. తెల్ల ఎల్‌ఈడీ అంటే నీలం చిప్ మీద పసుపు పూత, అందులో ఎరుపు చాలా తక్కువ. ఎర్ర అద్దం నీలాన్నీ పచ్చనీ ఆపేస్తే మిగిలేది నీరసమైన గులాబీ వెలుగు. ఒక్కచోట మాత్రం ఈ సూత్రం తిరగబడుతుంది. కొన్ని బళ్ళలో వెనక లైటుకే అడుగున తెల్ల కిటికీ ఉండి, నంబరు ప్లేటుకి వెలుగు దాన్లోంచే వస్తుంది. అక్కడ ఎర్రది పెడితే నంబరు ప్లేటు ఎర్రగా కనబడుతుంది, తెల్లదే పెట్టాలి.

వోల్టేజీ. డైనమో వోల్టేజీని అదుపు చేసే పాత రెగ్యులేటర్ పెట్టె పనితనం తెలుసుగా, వేగం పెరిగితే వోల్టులు పైకీ కిందికీ దూకుతాయి. 9 నుంచి 30 వోల్టుల దాకా తట్టుకుంటుందని రాసి ఉన్న బల్బు తీసుకోండి. ఒట్టి రెసిస్టర్ మీద నడిచే చవకవి ఆ దూకుడుకి వారంలో మాడిపోతాయి.

హోల్డర్లు, ఎర్త్: పనంతా ఇక్కడే

బ్యాటరీ ఎర్త్ తీగ విప్పేయండి. తర్వాత వెనక లైటు అద్దం. స్క్రూలు తుప్పు పట్టి ఉంటాయి. ముందురోజు రాత్రే కాస్త తుప్పు వదిలించే నూనె పోసి ఉంచండి. పాత ప్లాస్టిక్ ఎండకి పెళుసెక్కి ఉంటుంది, అందులోనూ బెజవాడ ఎండ. స్క్రూడ్రైవర్‌తో పెళ్ళగిస్తే అద్దం చిట్లిపోతుంది. పాత అద్దం దొరకబుచ్చుకోవడం ఎల్‌ఈడీ కొనడం కన్నా వంద రెట్లు కష్టం.

హోల్డర్ లోపల చూస్తే సున్నం పట్టినట్టు తెల్లగానో పచ్చగానో ఉంటుంది. ఎమరీ పేపరు సన్నగా చుట్టి గోడలు మెరిసేదాకా రుద్దండి. అడుగున స్ప్రింగ్ మీదుండే చుక్కలు కూడా. స్ప్రింగ్ బలహీనపడి ఉంటే ఇప్పుడే మార్చండి. పాత బల్బు రెండు ఆంపియర్లు లాగుతుంది కాబట్టి కొంచెం తుప్పున్నా నెట్టుకొచ్చేస్తుంది. ఎల్‌ఈడీ అలా నెట్టుకురాదు, తుప్పున్నచోట వెలుగు కొట్టుకుంటుంది.

ఇప్పుడు ఎర్త్. పాత బళ్ళలో లైటుకి ఎర్త్ వైరు చాలాచోట్ల ఉండదు. లైటుని బాడీకి బిగించే స్క్రూయే ఎర్త్. ఆ స్క్రూ చుట్టూ మూడుసార్లు పెయింటు పడి, దాని కింద తుప్పు. ఎర్త్ సరిగ్గా లేని లైటులో కరెంటు పక్క బల్బుల్లోంచి దారి వెతుక్కుంటుంది. ఎడమ ఇండికేటర్ వేస్తే పార్కింగ్ లైటు కూడా మెల్లగా కన్నుకొడుతుంటుంది. ఫిలమెంటులో అది కనిపించదు. ఎల్‌ఈడీకి కాసింత కరెంటు చాలు కాబట్టి కనిపిస్తుంది. జనం బల్బుని తిట్టుకుంటారు, తప్పు ఎర్త్‌ది.

అందుకని ఒక్కో లైటు నుంచి ఒకటిన్నర ఎంఎం నల్ల వైరు తీసుకుని, పెయింటు గీకి మెరిపించిన బోల్టుకి లగ్గుతో (వైరు కొసకి వేసే లోహపు రింగు) బిగించండి. బ్యాటరీ ఎర్త్ తీగ మళ్ళీ బిగించి, లైటు వేసి మల్టీమీటరు ఒక కొస హోల్డర్ బాడీకి, రెండో కొస బ్యాటరీలో బాడీకి వెళ్ళే టెర్మినల్‌కి పెట్టండి. 0.2 వోల్టుల లోపు చూపిస్తే బాగుంది. అంతకు మించితే ఇంకా గీకండి.

వైర్ల రంగుల గురించి ఒక మాట. లూకస్ అనే బ్రిటిష్ ఎలక్ట్రికల్ కంపెనీ పద్ధతిలో నలుపు ఎర్త్, ఎరుపు పార్కింగ్, ఆకుపచ్చ మీద ఊదా గీత బ్రేకు, ఆకుపచ్చ మీద ఎరుపు గీత ఎడమ ఇండికేటర్, ఆకుపచ్చ మీద తెల్ల గీత కుడి. ఇది కంపెనీ లెక్క. నలభై ఏళ్ళలో ఎందరు ఎలక్ట్రీషియన్లు చేతికి దొరికిన ముక్క అతికించారో దేవుడికే తెలుసు. మా బండిలో బ్రేక్ వైరు సగం దూరం ఊదా, మిగతా సగం పసుపు. టెస్ట్ ల్యాంపు పెట్టి చూశాకే నమ్మండి.

బల్బు పెట్టి, అద్దం బిగించకముందే మిట్టమధ్యాహ్నం ఎండలో పరీక్ష చేయండి. ఒకరిని బ్రేక్ తొక్కమని, మీరు ముప్ఫై అడుగుల వెనక నిలబడండి. పార్కింగ్‌కీ బ్రేక్‌కీ తేడా చప్పున తెలియాలి. కొన్ని 1157 ఎల్‌ఈడీలు రెంటికీ దాదాపు ఒకే వెలుగిస్తాయి. అలాంటివి నిర్మొహమాటంగా తిరిగి ఇచ్చేయండి, వెనకొచ్చే లారీవాడికి మీరు బ్రేక్ వేసిందీ లేనిదీ తెలియదు. మంచిది పడితే మాత్రం లాభం పెద్దదే. ఫిలమెంటు పూర్తిగా వెలగడానికి సెకనులో ఐదో వంతు పడుతుంది, ఎల్‌ఈడీ తక్షణం వెలుగుతుంది. గంటకి 60 కిలోమీటర్ల మీద ఆ తేడా పదకొండు అడుగుల దూరం.

అద్దం బిగించేటప్పుడు రబ్బరు వాషర్ కొత్తది వేయండి. పాత బల్బు వేడికి లోపలి చెమ్మ ఆరిపోయేది, ఎల్‌ఈడీకి ఆ వేడి లేదు. వానాకాలంలో లోపల ఆవిరి పట్టిందంటే అలాగే ఉండిపోతుంది.

ఇండికేటర్లు: ఫ్లాషర్ సంగతి

వెనక లైట్లు అరపూట పని. ఇండికేటర్లే బుర్ర తింటాయి. బల్బు మార్చి స్విచ్ వేస్తే కొట్టుకోకుండా అలాగే వెలుగుతుంది, లేకపోతే పిచ్చిపట్టినట్టు గబగబా కొట్టుకుంటుంది. ఇండికేటర్లని కొట్టుకునేలా చేసే పాత ఫ్లాషర్ డబ్బాలో వేడికి సాగే లోహపు ముక్క ఉంటుంది. బల్బుల కరెంటుకి అది వేడెక్కి తెగుతూ కలుస్తూ ఉంటుంది. ఎల్‌ఈడీలు లాగే కరెంటుకి అది వేడే ఎక్కదు.

దీనికి ఆటోనగర్‌లో చటుక్కున చెప్పే మందు లోడ్ రెసిస్టర్. 6 ఓములు, 50 వాట్లు అని రాసున్న బంగారు రంగు ముక్కని ఎల్‌ఈడీకి సమాంతరంగా కలుపుతారు. పని చేస్తుంది. నేనూ మొదట అదే వేసి, డిక్కీ లోపల అట్ట వెనక దాచాను. గుంటూరు వెళ్తూ కాజా టోల్ గేటు దగ్గర క్యూలో ఇండికేటర్ వేసి ఉంచితే కాలిన వాసన వచ్చింది. డిక్కీ తీసి చూస్తే అట్ట నల్లగా మాడింది. 12 వోల్టులని 6 ఓములతో భాగిస్తే రెండు ఆంపియర్లు, అంటే 24 వాట్ల వేడి ఆ చిన్న ముక్కలో. నా తెలివితక్కువతనమే. పైగా ఆదా చేద్దామనుకున్న కరెంటంతా మళ్ళీ అక్కడే తగలేస్తున్నాం. రెసిస్టర్ వద్దు.

ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ వేయండి. పాత ఫ్లాషర్ మీద బీ, ఎల్, పీ అని మూడు కాళ్ళుంటాయి. కొత్తదాని మీద బీ, ఎల్, ఈ అని ఉంటాయి. బీ అంటే వచ్చే కరెంటు, ఎల్ అంటే ఇండికేటర్ స్విచ్‌కి వెళ్ళేది. ఈ రెండూ అలాగే మార్చేయొచ్చు. మూడోదాని దగ్గరే పొరపాటు. పీ అంటే మీటర్ బోర్డులో పచ్చ లైటుకి వెళ్ళే వైరు, ఈ అంటే ఎర్త్. పాత పీ వైరుని కొత్త ఈ కాలికి తగిలించకండి. ఆ వైరుకి టేపు చుట్టి పక్కన పెట్టి, ఈ కాలి నుంచి బాడీకి కొత్త వైరు లాగండి. ఈ ఫ్లాషర్‌కి ప్లస్ మైనస్ పట్టింపు ఉంటుంది కాబట్టి పాజిటివ్ ఎర్త్ బండికి దానికి తగ్గదే కావాలి.

మరి పచ్చ లైటు? కొన్ని బళ్ళలో ఎడమకీ కుడికీ కలిపి ఒకటే పచ్చ లైటు, ఒక కొస ఎడమ వైరుకి, రెండో కొస కుడి వైరుకి కట్టి ఉంటుంది. ఎడమ వేస్తే కరెంటు ఆ లైటులోంచి కుడి బల్బుల ద్వారా ఎర్త్‌కి పోయేది. అక్కడ ఇప్పుడు ఎల్‌ఈడీలున్నాయి కాబట్టి ఎటు వేసినా నాలుగూ కొట్టుకుంటాయి. మందు చాలా చవక. కరెంటుని ఒకవైపే పోనిచ్చే 1ఎన్4007 అనే డయోడ్లు రెండు, టీవీ స్పేర్లమ్మే ఏ షాపులోనైనా దొరుకుతాయి. ఎడమ వైరు నుంచి ఒకటి, కుడి వైరు నుంచి ఒకటి తీసి, తెల్ల గీత ఉన్న కొసలు రెండూ కలిపి పచ్చ లైటు ఒక కాలికి ఇవ్వండి. రెండో కాలు ఎర్త్‌కి. మీది పీ వైరు పద్ధతైనా ఇలాగే చేసుకోవచ్చు. పాజిటివ్ ఎర్త్‌లో గీతలు అటువైపు తిరుగుతాయి. అతుకు మీద స్లీవ్ వేడిచేసి బిగించడం మరవకండి.

ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ చాలావరకు చప్పుడు చేయదు. పాత టిక్కుటిక్కు లేక ఇండికేటర్ ఆపడం మర్చిపోతుంటే చిన్న బజర్ పెట్టుకోండి. రివర్స్ గేరుకి పాటలు పాడే బజర్లున్నాయి, అవి మాత్రం వద్దు.

లోపలి లైట్లు

రూఫ్ లైటు వెలగకపోతే తిప్పి పెట్టండి, అంతే. మీటర్ బోర్డుకి కొంచెం పసుపు వెలుగిచ్చే రకం తీసుకోండి. నీలంగా మెరిసేది పెడితే పాత డయల్ అందం పోయి పాన్ షాపులా కనబడుతుంది. ఎర్రగా వెలిగే ఛార్జింగ్ లైటుని ముట్టుకోకండి. డైనమో బదులు ఆల్టర్నేటర్ వేసుకున్న బళ్ళలో ఆ బల్బులోంచి వెళ్ళే కరెంటుతోనే ఛార్జింగ్ మొదలవుతుంది. అక్కడ ఎల్‌ఈడీ పెడితే ఆల్టర్నేటర్ నిద్ర లేవకపోవచ్చు.

హెడ్‌లైట్లు

హాలోజన్ హెడ్‌లైట్ బల్బులు కూర్చునే హెచ్4 హోల్డర్‌లో పట్టే ఎల్‌ఈడీ బల్బులు, వెనక ఫ్యాన్‌తో, డబ్బా మీద లక్షల ల్యూమెన్లతో (వెలుగు కొలత) దొరుకుతాయి. పాత ఏడంగుళాల గుండ్రటి రిఫ్లెక్టర్ గీసింది సన్నటి ఫిలమెంటు చుట్టూ. చిప్ ఒక మిల్లీమీటరు పక్కకి జరిగినా డిమ్ గీత, అంటే డిమ్ వెలుగు పై అంచు, చెదిరిపోతుంది. మీకు రోడ్డు తెల్లగా కనిపిస్తుంది, వారధి మీద ఎదురొచ్చేవాడికి మాత్రం కళ్ళు పోతాయి. అందుకే నేను హెడ్‌లైట్లలో హాలోజనే ఉంచాను, రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్ డబ్బాలు) వేశాను. ఇప్పుడు వెనక మిగిలిన ఏడెనిమిది ఆంపియర్ల సంగతి. పాత పీ45టీ బల్బులు 45/40 వాట్లు. వాటి స్థానంలో హెచ్4 రిఫ్లెక్టర్, 60/55 వాట్ల బల్బు వేసుకోవచ్చు. రెంటికీ కలిపి పెరిగేది 30 వాట్లు, రెండున్నర ఆంపియర్లు. వెనక మిగిల్చినదాంట్లో మూడో వంతు ముందు ఖర్చు.

రిలే ఎందుకంటే, ముందు మల్టీమీటరు తీసుకోండి. హెడ్‌లైటు వేసి బ్యాటరీ దగ్గర వోల్టులు చూడండి, తర్వాత బల్బు సాకెట్ దగ్గర. మా బండిలో 12.4కి 10.9 వచ్చింది. కరెంటంతా డాష్ స్విచ్ గుండా, డిమ్మూ బ్రైటూ మార్చే డిప్పర్ గుండా ప్రదక్షిణ చేసి వస్తోంది కదా. ఫిలమెంటుకి వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుతురు 30 శాతం దాకా పడిపోతుంది. పాత బళ్ళ హెడ్‌లైట్లు దీపాల్లా ఉంటాయనే నింద సగం ఈ వైర్లదే.

నాలుగు కాళ్ళ రిలేలు రెండు తీసుకోండి, ఒకటి డిమ్‌కి, ఒకటి బ్రైట్‌కి. హెడ్‌లైట్లకి వెళ్ళే పాత వైరుని రిలే 86వ కాలికి ఇవ్వండి, 85 ఎర్త్‌కి. 30వ కాలికి 15 ఆంపియర్ల ఫ్యూజు మీదుగా కరెంటు, 87 నుంచి రెండున్నర ఎంఎం వైరుతో బల్బులకి. పాత బళ్ళు చాలావాటిలో హెడ్‌లైట్లకి అసలు ఫ్యూజే లేదు, ఈ పనితో అదీ వచ్చేస్తుంది. కరెంటు తీసేది బ్యాటరీ మీంచి కాదు, ఆమ్మీటర్ దాటాక లోడు వైపు టెర్మినల్ నుంచి. బ్యాటరీ నుంచి నేరుగా తీస్తే హెడ్‌లైట్ల ఖర్చు కూడా ఛార్జింగేనని ఆమ్మీటర్ అబద్ధం చెబుతుంది.

హెచ్4 రిఫ్లెక్టర్ కొనేటప్పుడు డిమ్ గీత ఏ వైపు పైకి లేస్తోందో చూడండి. బండిని గోడకి పాతిక అడుగుల దూరంలో నిలబెట్టి లైటు వేయండి. మన రోడ్డుకి ఎడమ వైపు పైకి లేవాలి. కుడి వైపు లేచిందంటే అది కుడి పక్కన నడిచే దేశాలకి చేసిన అద్దం, ఎదురొచ్చేవాడి కంట్లోకే కొడుతుంది. హెడ్‌లైటుకి ఎల్‌ఈడీయే కావాలని పట్టుదలగా ఉంటే బల్బు కాదు, ఏడంగుళాల ఎల్‌ఈడీ యూనిట్ మొత్తం మార్చండి, ఈ గోడ పరీక్ష దానికీ చేయండి. వెలుగు మరీ తెల్లగా ఉన్నది వద్దు. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున కరకట్ట మీద మంచు పడ్డప్పుడు ఆ తెలుపు మంచుకే తగిలి మీ మొహాన పడుతుంది.

చట్టం సంగతి కూడా చూసుకోండి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి, ఆర్‌సీలో ఉన్నవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2021లో వింటేజ్ బళ్ళకి వేరే రిజిస్ట్రేషన్ వచ్చింది, యాభై ఏళ్ళు దాటిన సొంత బళ్ళకి వీఏ అక్షరాలతో నంబరు ఇస్తారు. బండి అసలు రూపంలో ఉండాలన్నది అందులో షరతు. మా 1977 మోడల్‌కి 2027లో ఆ వయసు వస్తుంది. అందుకే నేను ఒక్క హోల్డరు కూడా కోయలేదు, ఏ రంధ్రమూ కొత్తగా వేయలేదు. పాత బల్బులన్నీ, పాత ఫ్లాషర్‌తో సహా, గుడ్డలో చుట్టి డిక్కీలో పెట్టాను. దారిలో ఎల్‌ఈడీ ఒకటి పోయినా ఇబ్బంది లేదు, ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ మీద పాత బల్బు కూడా చక్కగా కొట్టుకుంటుంది.